నాలుగో పాదం

మార్కాపురం పలక మీద దేశమంతా దిద్దుకుంది.
మాకు దక్కినవి పగిలిన ముక్కలు,
ఫ్యాక్టరీ వెనక దిబ్బలో ఏరుకున్నవి,
చెక్క అంచుల్లేనివి, వేళ్లు కోసేవి.
"ముక్కైతే ఏందిరా, 'అ' పడుతుంది గదా"
అనేవాడు మౌలాలి అయ్యోరు.

వాళ్ల నాయన దూదేకేవాడు.
ఆ వింటి నారి మోతలోనే
గురువూ లఘువూ విన్నానని చెప్పేవాడు.
తెల్లారి నమాజు చేసుకున్న చాపనే
దులిపి మాకు పరిచేవాడు.
ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, పద్యాలు
అన్నీ నోటికే.
అర్థం అడిగితే
"చింతగింజ బుగ్గన పెట్టుకున్నోడు
నానకముందే కొరుకుతాడా?" అని నవ్వేవాడు.
"దేవుడి మాట ముందు పుస్తకంలోకి రాలేదురా,
మనిషి గుండెలోకి వచ్చింది.
తడిగుడ్డ తగిలితే పలక మర్చిపోతుంది.
నువ్వు పలకవి కావు."

చరిత్రా అట్లాగే చెప్పాడు.
రాజులు పరీక్షకు.
బతకడానికి మాత్రం ఒకే ఒక్క ముసలమ్మ,
ధాత కరువులో పాతర తెరిచిన పేరమ్మ.
ఆ పేరు ఏ పుస్తకంలోనూ లేదు.
మానిక మీద అడ్డంగా చెయ్యి గీసి
తల కొట్టేది కాదట,
గోపురంగా పోసి కొలిచేదట.
ఆమె మీద పద్యం ఆయనే కట్టాడు,
మేం మర్చిపోతే ఆమె
రెండోసారి చచ్చిపోతుందని బెదిరించాడు.

*పంచె గింజలన్ని పాతర తెరచి యా
తల్లి కులము నడుగ దలచలేదు*

మధ్యలో తడబడితే దెబ్బ లేదు.
పక్కనున్నవాళ్లు అందించాలి.
నాకెప్పుడూ గాలెమ్మే అందించేది.

ఐదో తరగతి కాగానే గాలెమ్మ గనిలోకి దిగింది.
నేను పది దాకా చదివి
అదే గని గట్టు మీద గుమాస్తానయ్యాను.
గొడుగు కింద కుర్చీ, చెవిలో పెన్సిలు,
తట్టకో గీత.
"తరుగు కింద పదికొకటి తీసేసి రాయి"
అన్నాడు యజమాని.
రాశాను.
పద్యమేమీ అడ్డం రాలేదు, నిజం చెప్పాలి.
మూడు నెలలు ఒక్క పాదమైనా గుర్తు రాలేదు.
అయ్యోరు పోయిన రోజు కూడా
లెక్కలున్నాయని వెళ్లలేదు.

ఒక శనివారం, కూలి పంచే వేళ,
గాలెమ్మ వచ్చి నిలబడింది.
కనుబొమల మీద పలక దుమ్ము,
మాటకు ముందు దగ్గు.
"ఈ రోజు ఎన్ని రాశావబ్బయా?"
"ఇరవై ఏడు."
"నేను ఏడు పద్యాలు, రెండు పాదాలు మోశాను."

తెల్లమొహం వేశాను.
తట్టకో పాదమట.
ఎత్తుతూ మొదలుపెడితే
దించేసరికి అయిపోతుందట.
వేళ్లతో లెక్కెట్టడానికి
వేళ్లు ఖాళీగా ఉంటే గదా.
గనిలో ఆడవాళ్లందరికీ నేర్పిందట.

"నీ ఇరవై ఏడు అంటే
ఏడో పద్యంలో మూడో పాదం.
*కొలుచు మానికెపుడు కొండయై నిలిచెరా*,
అక్కడ ఆపేశావు.
నాలుగోది యాడబోయింది?"

గొంతులో కోపం లేదు.
బడిలో అందించిన గొంతే అది.
వెనక వరసలో నలభై మంది
నా నోటికేసి చూస్తున్నారు.

లెక్కల పుస్తకం పలక కాదు,
ఉమ్మి తడిచేసి తుడిచెయ్యడానికి.
మూడు గీతలు కలిపాను.
మూడు నెలల గీతలు ఎక్కడ పెట్టాలో తెలీక
పెన్సిలు పట్టుకుని ఉండిపోయాను.
"ముందు పద్యం పూర్తి చెయ్యి" అంది.

చెప్పాను.
చాప మీద కూర్చున్ననాటి గొంతు రాలేదు గానీ
మాటలు వచ్చాయి, వరస తప్పకుండా:

*తలను గొట్టు చేయి తరుగు చేయి.*

గాలెమ్మ పక్కకు జరిగింది.
వెనకావిడ ముందుకొచ్చి
తట్ట బోర్లించి అంది:
"నావి ఎనిమిది పద్యాలు, ఒక పాదం."